ఎవరి పేర్ల ముందో నిలబడి నాన్న కోసం ఏడవడం తప్పా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారు పోయి ఏడు నెలలైంది. ఆస్పత్రి బిల్లుల దగ్గర్నుంచి బ్యాంకు కాగితాల దాకా అన్నీ మీరే చూసుకున్నారు, కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. పోయిన నెల ఆఫీసు పని మీద వాషింగ్టన్ వెళ్లి, సాయంత్రం ఖాళీ దొరికితే వియత్నాం యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల పేర్లు చెక్కిన నల్లగోడ చూడ్డానికి వెళ్లారు. ఆ పేర్లలో ఒక్కటీ మీకు తెలిసింది కాదు. అయినా అక్కడ నిలబడి పావుగంట సేపు ఏడుపు ఆపుకోలేకపోయారు. వాళ్ల చావుల్ని మీ ఏడుపుకి వాడుకున్నారేమోనని ఒక బాధ, మీ మనసుకేమైనా తేడా చేసిందేమోనని ఇంకో భయం. వచ్చే నెల మళ్లీ అటు వెళ్లే పనుంది, ఆ గోడ దగ్గరికి వెళ్లొచ్చా అని అడిగారు. అమ్మకి మాత్రం ఇదంతా చెప్పలేదన్నారు.

వెళ్లండి. ఆ ఒక్కదానికి జవాబు చిన్నదే. మిగతావాటికి కాస్త ఎక్కువ చెప్పాలి.

నేను ఇరవై రెండేళ్లు ఆస్పత్రిలో, చివరి రోజుల్లో ఉన్నవాళ్ల వార్డులో పనిచేశాను. రోగుల కుటుంబాలతో కూర్చుని మాట్లాడడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఉండగానే మా తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. అందరికీ ఏం చెప్పాలో నోటికొచ్చిన నాకు, నాకు నేను చెప్పుకోవడానికి ఒక్క మాట దొరకలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఏ ఊరు వెళ్లినా, ఆ ఊరి జనం తమ చనిపోయినవాళ్లని తలుచుకునే చోటు ఎక్కడుందో కనుక్కుని వెళ్లేదాన్ని. ఇంట్లోవాళ్లకి ఇదొక పిచ్చిలా ఉండేది. నాకూ మొదట్లో అలాగే ఉండేది, కాబట్టి మీ భయం నాకు కొత్త కాదు.

ముందు ఆ గోడ సంగతి. అక్కడ మీకు ఏడుపు రావడం యాదృచ్ఛికం కాదు, దాన్ని కట్టిన తీరే అలాంటిది. డిజైన్ పోటీ పెడితే 1981 నాటికి 1,421 నమూనాలు వచ్చాయి. ఎవరు పంపారో పేర్లు కనబడకుండా నెంబర్లతోనే చూశారు. గెలిచింది మాయా లిన్ అనే అమ్మాయి. అప్పటికి వయసు 21, యేల్ యూనివర్సిటీలో ఇంకా చదువుతోంది. విగ్రహం లేదు, జెండా లేదు, గుర్రమెక్కిన సేనాపతి లేడు. నేలలోకి దిగిన నల్ల గ్రానైట్ గోడ, దానిమీద పేర్లు. అంతే. చాలామంది తిట్టిపోశారు, ఇది అవమానం అన్నారు. గొడవ చల్లార్చడానికి 1984లో దగ్గర్లోనే ముగ్గురు సైనికుల విగ్రహం కూడా పెట్టారు. కానీ జనం గోడకే అతుక్కుపోయారు. (ఆ రాయి వెళ్లింది బెంగళూరు వైపు నుంచి. అద్దంలా మెరుగు పట్టే నల్లరాయి కావాలని వెతికి వెతికి అక్కడ పట్టారు.)

ఆ మెరుగులోనే ఉంది కిటుకంతా. 58,000 పైచిలుకు పేర్లు చదువుతుంటే వాటి వెనకాల మీ ముఖమే మీకు కనిపిస్తుంది. మాయా లిన్ కావాలనే అలా చేసింది. మీ విషయంలో ఇంకోటి కూడా జరిగి ఉంటుందని నా అనుమానం. మీ ఉత్తరంలో ఒక చోట, నాన్నగారిది మీది ఒకటే పోలిక అని రాశారు. ఏడు నెలలుగా బాత్రూం అద్దంలో రోజూ ఆ ముఖం చూస్తూనే ఉన్నారు కానీ అది గడ్డం గీసుకునే ముఖం, ఆఫీసుకి ఆలస్యమైన ముఖం. ఆ సాయంత్రం మొదటిసారి అది చనిపోయినవాళ్ల పేర్ల మధ్య కనబడింది. ఎవరైనా ఏడుస్తారు.

ఇంట్లో ఎందుకు రాలేదంటారా? వార్డులో నేను వందసార్లు చూసిన సంగతి చెప్తాను. మంచం దగ్గర రాయిలా నిలబడి డాక్టరుతో మాట్లాడి, సంతకాలు పెట్టి, అందరికీ ఫోన్లు చేసిన పెద్దకొడుకు లిఫ్టులో ఏడ్చేవాడు. లిఫ్టు తలుపు మూసుకోగానే. కింద తలుపు తెరుచుకునే సరికి మళ్లీ ముఖం తుడుచుకుని సిద్ధం. అతనికి దుఃఖం లేక కాదు, చోటు లేక. ఇంట్లో మీరు ఒకరికి కొడుకు, ఒకరికి అన్న, పిల్లలకి నాన్న. మీరు కూలబడితే పట్టుకోవడానికి ఎవరున్నారని లోపల ఒక లెక్క నడుస్తూనే ఉంటుంది. గోడ దగ్గర ఆ లెక్క అక్కర్లేదు. అక్కడ మీరు ఎవరికీ ఏమీ కారు. పక్కన నిలబడి ఏడుస్తున్న మనిషిని అక్కడ ఎవరూ "ఏమైంది" అని అడగరు. ఏమైందో రాతిమీద రాసే ఉంది కదా అనుకుంటారు. మీ దుఃఖానికి అక్కడ సంజాయిషీ అక్కర్లేదు.

దీనికి చదువుకున్నవాళ్ల మాట కూడా ఒకటుంది. మార్గరెట్ స్ట్రోబే, హెంక్ షూట్ అని నెదర్లాండ్స్ పరిశోధకులు ఇద్దరు 1999లో చెప్పింది: దుఃఖంలో ఉన్న మనిషి మెట్టు తర్వాత మెట్టు ఎక్కినట్టు వెళ్లడు, ఊగుతుంటాడు. కాసేపు పోయిన మనిషి వైపు, కాసేపు మిగిలిన బతుకు వైపు. రెండూ అవసరమే. మీరు ఏడు నెలలు దాదాపు ఒకవైపే ఉండిపోయారు, బిల్లులు, కాగితాలు, అమ్మ మందులు. ఆ సాయంత్రం రెండోవైపుకి ఊగారు. తేడా చేయడమంటే ఇది కాదు.

ఇక మీ అసలు బాధ, వాడుకున్నానా అన్నది.

బెర్లిన్ నడిబొడ్డున నోయె వాఖె అని ఒక పాత కట్టడం ఉంది, యుద్ధాలకీ నిరంకుశ పాలనకీ బలైనవాళ్ల స్మారకం. లోపల పెద్ద ఖాళీ గది. కుర్చీ లేదు, బొమ్మ లేదు, బోర్డు లేదు. గది మధ్యలో నేలమీద ఒక తల్లి కూర్చుని, చనిపోయిన కొడుకుని ఒళ్లోకి ముడుచుకుని ఉన్న విగ్రహం. దానికి సరిగ్గా పైన కప్పులో గుండ్రటి కన్నం, అద్దం కూడా బిగించలేదు. ఎండ వస్తే ఆమె మీద ఎండ, మంచు పడితే ఆమె మీద మంచు. నేను వెళ్లిన రోజు వాన. సన్నగా, ఆగకుండా. విగ్రహం చుట్టూ నేలమీద తడి ఒక గుండ్రటి మరకలా పరుచుకుంది, ఆ గుండ్రం దాటి మిగతా గదంతా పొడి. జనం ఆ తడి అంచు దాకా వచ్చి ఆగిపోతున్నారు, గీత గీసినట్టు. నీళ్లు ఆమె తలమీద నుంచి వీపు మీదుగా దిగుతున్నాయి. తల్లి ఒంగి ఉంది కాబట్టి వానంతా ఆమె మీదే పడుతోంది. మా అమ్మ తమ్ముడి చొక్కా పట్టుకుని మంచం అంచున కూర్చున్న తీరు అదే, వీపు అలాగే ఒంగి ఉండేది. అప్పుడు నేను అమ్మ వీపు చూసి గదిలోకి వెళ్లకుండా గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను. నాలుగేళ్ల తర్వాత, ముక్కూమొహం తెలియని ఊళ్లో, ఆ తడి అంచు దగ్గర నిలబడి ఏడ్చాను.

ఆ విగ్రహం చేసిన కేథే కోల్‌విట్జ్ కథ నాకు తర్వాత తెలిసింది. ఆమె చిన్న కొడుకు పీటర్‌కి పద్దెనిమిదేళ్లు. 1914లో సైన్యంలో చేరతానంటే తండ్రి ఒప్పుకోలేదు, తండ్రిని ఒప్పించింది ఈవిడే. ఆ అక్టోబరులోనే బెల్జియంలో చనిపోయాడు. కొడుక్కి ఒక స్మారకం చెయ్యాలని మొదలుపెట్టి, చేసి, నచ్చక ఆపేసి, మళ్లీ మొదలుపెట్టి, చివరికి 1932లో పూర్తిచేసింది. దాదాపు పద్దెనిమిదేళ్లు, అంటే కొడుకు బతికినన్నాళ్లు. మొదట అందులో కొడుకు కూడా ఉండాలనుకుంది. పూర్తయ్యేసరికి కొడుకు లేడు, మోకాళ్ల మీద కూర్చున్న తల్లీ తండ్రీ మిగిలారు. ఇద్దరివీ విడివిడి రాళ్లు. తండ్రి చేతులు రెండూ ఛాతీకి కట్టుకుని బిగుసుకుపోయి ఉంటాడు, తల్లి ఒంగిపోయి ఉంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ఒకే చావుకి ఎంత వేరువేరుగా ఏడుస్తారో నేను వార్డులో ఏళ్ల తరబడి చూసింది ఆ రెండు రాళ్లలో ఉంది. అవి ఇప్పుడు బెల్జియంలోని వ్లాడ్స్‌లో శ్మశానంలో ఉన్నాయి, ఆమె కొడుకుతో పాటు 25,000 మందికి పైగా సైనికుల సమాధుల మధ్య. బెర్లిన్‌లో నేను చూసింది ఆమె 1930ల చివర్లో చేసిన చిన్న విగ్రహాన్ని పెద్దది చేసి 1993లో పెట్టింది. చంపినవాళ్లకీ చచ్చినవాళ్లకీ కలిపి ఒకటే స్మారకమా అని అప్పట్లో జర్మనీలో పెద్ద రభసే అయింది, ఆ కోపంలో న్యాయం ఉంది కూడా.

నేను చెప్పొచ్చేది ఏంటంటే, ఊరందరిదీ అని మనం అనుకునే స్మారకం కూడా మొదట ఎవరో ఒకరి సొంత ఏడుపే. జపాన్‌లో ఒత్సుచి అనే ఊళ్లో ఇతారు ససాకి అనే తోటల డిజైనరు 2010లో తన పెరట్లో ఒక తెల్ల టెలిఫోన్ బూత్ పెట్టుకున్నాడు. లోపల పాత నల్ల డయల్ ఫోను, దానికి వైరు ఎక్కడికీ లేదు. పోయిన కజిన్‌తో మాట్లాడుకోవడానికి. మరుసటేడు మార్చిలో సునామీ వచ్చి ఆ ఊరి జనంలో పదోవంతు దాకా పోయారు. ఆయన ఆ బూత్‌ని అందరికీ తెరిచాడు. వేలమంది వచ్చి ఆ ఫోనెత్తి మాట్లాడారు, సునామీతో ఏ సంబంధమూ లేనివాళ్లు కూడా. నువ్వెవరు, నీ చావు ఏ చావు అని ఆయన గేటు దగ్గర నిలబెట్టి అడగలేదు.

మరి తప్పు ఎక్కడ జరుగుతుంది? మర్యాద తప్పినప్పుడు. మనం అక్కడ అతిథులం, అంతవరకు గుర్తుంటే చాలు. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: ముందు వాళ్ల సంగతి, తర్వాత నాది. వెళ్లగానే ఒక పేరు ఎంచుకుని పూర్తిగా చదువుతాను, ఏ రోజు పోయాడో తెలిస్తే అదీ చూస్తాను. మీ గోడ మీద పేర్లు అక్షరక్రమంలో ఉండవు, చనిపోయిన తేదీల వరసలో ఉంటాయి. ఒకే రోజు పోయినవాళ్లు పక్కపక్కనే ఉంటారు. ప్రతి పేరు పక్కనా ఒక చిన్న గుర్తు ఉంటుంది, పోయినసారి మీరు గమనించి ఉండరు. డైమండ్ ఆకారం ఉంటే చనిపోయినట్టు నిర్ధారణ అయింది. ప్లస్ గుర్తులాంటి శిలువ ఉంటే అప్పటికి ఆచూకీ తెలియలేదు. తర్వాత ఎప్పుడో అవశేషాలు దొరికితే ఆ శిలువ మీదనే డైమండ్ చెక్కుతారు, రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. అలాంటిదొకటి వెతకండి. ఇన్నేళ్లు ఎదురుచూసిన ఇల్లు ఒకటి ఆ చిన్న గీతలో ఉంది. పది నిమిషాలు వాళ్లకిచ్చాక మీ నాన్నగారు పిలవకుండానే వస్తారు, రానివ్వండి.

అన్ని చోట్లూ ఒకటి కావు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. తమ్ముడు పోయిన రెండో ఏడు నేను రువాండాలో కిగాలీ స్మారకానికి వెళ్లాను. 1994 మారణహోమంలో చంపేసిన 2,50,000 మందికి పైగా అక్కడే మట్టిలో ఉన్నారు. పిల్లల కోసం ప్రత్యేకంగా గదులున్నాయి. ఒక్కొక్క పిల్లవాడి ఫోటో, కింద పేరు, వయసు, వాడికి ఇష్టమైన తిండి, ఇష్టమైన ఆట, ఎలా చంపారో. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఇంత జరిగిన లోకంలో ఒక్క తమ్ముడి కోసం ఇన్నాళ్లుగా ఏడుస్తున్నానా అనిపించింది, అది ఆర్నెల్లు నన్ను వదల్లేదు. వాళ్ల చావుని నా తమ్ముడి చావుతో తూకం వేశాను, తప్పు అక్కడ చేశాను. దుఃఖానికి తక్కెడ పనికిరాదని రోజూ ఇతరులకి చెప్పే మనిషిని నేనే! మొదటి ఏడాది రెండేళ్లలో ఊచకోతల స్మారకాలు, మ్యూజియంలు వద్దు. అవి చూడాల్సినవే, తెలుసుకోవడానికి, అందుకు ఓపిక వచ్చాక వెళ్లాలి. సొంత గాయం పచ్చిగా ఉన్నప్పుడు పేర్లు, నీళ్లు, ఆకాశం, కూర్చునే చోటు ఉన్న స్మారకాలు మేలు.

వేళ కూడా చూసుకోండి. బెల్జియంలోనే ఈప్ర్ అనే ఊళ్లో మెనిన్ గేట్ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో అవశేషాలు దొరకని 54,000 మందికి పైగా సైనికుల పేర్లు దాని గోడల మీద ఉన్నాయి. 1928 నుంచి రోజూ రాత్రి ఎనిమిదికి వాళ్ల కోసం బ్యూగిల్ ఊదుతున్నారు, రెండో యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ ఉన్నన్నాళ్లే ఆగింది. నేను ఆ బ్యూగిల్ కోసమే ఎంతో ఆశగా వెళ్లాను. నా ముందు వందమంది, వంద ఫోన్లు పైకెత్తి. బ్యూగిల్ ఊదినవాడి మోచెయ్యి కూడా కనబడలేదు, నా మనసంతా ముందువాడి ఫోన్ స్క్రీన్ మీదే. మర్నాడు పొద్దున్నే ఏడింటికి మళ్లీ వెళితే ఒక పారిశుధ్య కార్మికుడు, నేను, పావురాలు. అప్పుడు బాగుంది. మీ గోడ దగ్గరికి రాత్రీ పగలూ ఎప్పుడైనా వెళ్లొచ్చు, తెల్లవారుజామున వెళ్లండి. ఆ తర్వాత రెండు గంటలు ఏ మీటింగూ పెట్టుకోకండి. కారు నడపాల్సి వస్తే ముందు ఎక్కడైనా కూర్చుని ఏదైనా వేడిగా తాగి బయల్దేరండి. ఏడ్చి ఏడ్చి తేలికపడ్డ మనిషికి రోడ్డు మీద ధ్యాస ఉండదు, ఇది నేను కష్టం మీద నేర్చుకున్నది.

అక్కడేమైనా పెట్టి రావాలా అని మీకు అనిపించొచ్చు. చాలామంది ఉత్తరాలు, బూట్లు, ఫోటోలు పెడతారు. అక్కడి పార్కు శాఖవాళ్లు వాటిని తీసి భద్రపరుస్తున్నారు, పూలలాంటివి తప్ప. నా సలహా, మీరు ఏమీ పెట్టకండి. ఆ చోటు ఆ సైనికుల మనుషులది, వస్తువు పెట్టే హక్కు వాళ్లకే ఉంచుదాం. నాన్నగారి పెన్నో వాచీయో మీ జేబులో పెట్టుకుని వెళ్లండి, అలాగే వెనక్కి తెచ్చుకోండి.

రాబోయే ఒక రోజు గురించి కూడా ముందే చెప్తాను. సంవత్సరీకానికి అందరూ సిద్ధపడతారు, పుట్టినరోజుకి ఎవరూ సిద్ధపడరు. నాన్నగారు లేని మొదటి పుట్టినరోజు చాటుగా వచ్చి కొడుతుంది. న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11 స్మారకం దగ్గర 2,983 పేర్లు కంచు పలకల్లో తొలిచి ఉంటాయి, వేలు పెడితే అక్షరంలోకి దిగుతుంది. ఎవరి పుట్టినరోజైతే ఆ రోజు వాళ్ల పేరులో ఒక తెల్ల గులాబీ గుచ్చుతారు. నేను వెళ్లిన రోజు నేనున్న వైపు మూడు గులాబీలు. చావు తేదీ దాదాపు అందరిదీ ఒకటే అయిన చోట, ఎవరి రోజు వాళ్లకి మళ్లీ ఇచ్చారు. ఆ రోజుకి మీరూ ఏదో ఒకటి ముందే అనుకుని పెట్టుకోండి, చిన్నదైనా.

మీరు దాచుకోకుండా చూసుకోవాల్సింది ఇంకోటుంది. స్మారకాలు వైద్యం కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ప్రకారం ఆరు నెలలు దాటినా, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో తన జబ్బుల జాబితాలో చేర్చినదాని ప్రకారం పెద్దవాళ్లలో ఏడాది దాటినా, దాదాపు రోజూ అదే తపన, పని చేసుకోలేకపోవడం, బతుకు అర్థం లేనట్టు ఉండడం కొనసాగుతుంటే దానికి చికిత్స ఉంది. ఏడు నెలలైంది కదా అని టెన్షన్ పడకండి. నెలలు ఒక్కటే లెక్క కాదు. మీరు పనికి వెళ్తున్నారు, నిద్రపోతున్నారు, పిల్లలతో నవ్వుతున్నారని మీరే రాశారు. ఒకసారి పావుగంట ఏడవడం జబ్బు కాదు. కానీ నాన్న దగ్గరికి వెళ్లిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం ఏ గోడ దగ్గరికీ వద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

అమ్మ సంగతి. కొడుకు ఏడిస్తే ఆవిడ ఇంకా కుంగిపోతుందని మీరు దాస్తున్నారు. నేను వార్డులో చూసినంతలో దీనికి రెండోవైపు ఒకటుంటుంది. కొడుకు ఏడవలేదేమిటా అని ఆవిడ రాత్రిళ్లు ఆలోచిస్తుంటుంది. మా అమ్మ అడిగింది కూడా, తమ్ముడు పోయిన ఐదేళ్లకి. "నువ్వు గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయావు, నేను చూశాను" అంది. నేను బెర్లిన్ వాన గురించి చెప్పాను. తమ్ముడి పేరు నేను ఎత్తలేదు, తనే ఎత్తింది. ఆ రాత్రి రెండింటి దాకా మాట్లాడుకున్నాం.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అమ్మకి గోడ గురించి చెప్పండి. నల్లరాయి అని, బెంగళూరు నుంచి వెళ్లిందని, పేర్ల మీద మన ముఖం కనబడుతుందని. అంతవరకు చెప్పి కాసేపు ఊరుకోండి.